గేజి చూపిన ఇరవై నాలుగు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక మే నెలలో, నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా అమలాపురం వేశారు. మా పని లైసెన్సులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లేనని జనం అనుకుంటారు. ప్రమాదానికి గురైన బండిని పరీక్షించి, అది యంత్రలోపం వల్ల జరిగిందో కాదో పోలీసులకు రాసివ్వడం కూడా మా పనే. లోపం లేదని మేం రాస్తే ఇక మిగిలేది డ్రైవరు నిర్లక్ష్యం. కేసు అతని మెడకు చుట్టుకుంటుంది.

చేరిన రెండో వారంలో పి.గన్నవరం దగ్గర ఏడు సీట్ల ట్రావెల్స్ కారొకటి కాలవగట్టు దిగి కొబ్బరిచెట్టును గుద్దింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్తున్న మంగాయమ్మను విమానం ఎక్కించడానికి బయల్దేరిన బండి అది. లోపల ఏడుగురు, పైన కట్టిన అట్టపెట్టెలు. ఆవిడ కుడికాలు మోకాలి కిందికి తీసేయాల్సి వచ్చింది. వెనక ఎడమ టైరు పేలిందని డ్రైవరు సత్తిబాబు, అతివేగం వల్లే పేలిందని బండి యజమాని చెప్పారు. కేసు సత్తిబాబు మీదే కట్టారు.

నేను బండి చూడటానికి వెళ్లేసరికి యజమాని చల్లటి కొబ్బరిబొండాలతో సిద్ధంగా ఉన్నాడు. బ్రేకులు, స్టీరింగు బాగానే ఉన్నాయి. యంత్రలోపం లేదని ఒక్క ముక్క రాసేస్తే అందరికీ సుఖమని ఎంతో మర్యాదగా చెప్పాడు. టైర్లు సరిగా చూసుకోలేదని తేలితే బీమా కంపెనీ తన మీద పడుతుందని అతని భయం. కాలు పోయిన మనిషి ఆస్పత్రిలో ఉంటే ఈయన నాకు బొండాం కొట్టిస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది. తాగకుండా స్టేషనుకు పోయి సత్తిబాబును పిలిపించాను.

అతను కువైట్‌లో ఎనిమిదేళ్లు కంపెనీ బండి తోలి వచ్చినవాడు. అక్కడ రోజూ పొద్దున్నే, బండి కదలకముందే టైర్లలో గాలి చూడాలట. ఇక్కడా అదే అలవాటుతో యజమానిని అడిగాడట.

"లోడెక్కువ, గాలి కొట్టించుకుంటానని అడిగేనండి. ఎండలకి గాలి ఉబ్బి టైరు పేలిపోద్ది, కొట్టిస్తే బండి దిగిపొమ్మన్నారండి. ఇద్దరు పిల్లలండి నాకు, ఏం చెయ్యను?"

మర్నాడు ఎండ పడకముందే వెళ్లి మిగిలిన మూడు టైర్లకు గేజి పెట్టాను. మూడింటిలోనూ ఇరవై నాలుగు పౌండ్లే. డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న చట్రం మీద కంపెనీ అంటించిన స్టిక్కరు ఉంటుంది. నిండు బరువుకు ముందు టైర్లకు ముప్పై మూడు, వెనకవాటికి ముప్పై ఆరు అని దాని మీద ఉంది. అది చల్లటి టైరుకు చెప్పిన లెక్క. మూడు టైర్లలో గాలి సరిగ్గా ఒకే అంకె దగ్గర ఆగేలా దానంతటదే దిగదు. ఎవరో కొలిచి తీస్తేనే అలా ఉంటాయి. పేలిన టైరు విప్పించాను. లోపల పక్కగోడ చుట్టూ రబ్బరు కమిలి పొడిపొడిగా రాలింది. గాలి చాలని టైరు బరువుకు నలుగుతూ తనకు తానే వేడెక్కుతుంది. ఆ గుర్తు అదే.

యజమాని వచ్చాక, గాలి సంగతి ఎవరు చూస్తారని మామూలుగా అడిగాను. దాచడం మాట అటుంచి, గర్వంగా చెప్పాడు.

"ఆయ్, ఆ విషయంలో డ్రైవర్లని నమ్మనండి. బండి రాగానే, టైరు వేడి మీదుండగానే, దగ్గరుండి ఇరవై ఎనిమిదికి తీయించేస్తానండి. ఎండాకాలం అంతకు మించనివ్వను."

పరుగెత్తి వచ్చిన టైరులో అంకె ఎలాగూ పెరుగుతుంది. చల్లారితే దిగుతుంది; అతని ఇరవై ఎనిమిదే పొద్దుటికి నా గేజిలో ఇరవై నాలుగయింది. ఆ పెరిగినదాన్ని చూసి గాలి తీసేస్తే, పొద్దున బండి ఎక్కేవాళ్లు మెత్తటి టైర్ల మీద ప్రాణాలు పెట్టి బయల్దేరినట్టే. పైగా ఇదంతా జాగ్రత్త అనుకుంటున్నాడు! ఆ రోజు నేను అతన్ని అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఊళ్లో అందరూ చేసేదే కదండీ అని అతను చిన్నబుచ్చుకున్నాడు. నిజమే, చాలామంది చేస్తున్నారు. అది విన్నాక కోపం ఇంకా పెరిగింది.

మా ఫారంలో బ్రేకులకు గడి ఉంది, లైట్లకు, హారనుకు కూడా ఉంది. టైరులో గాలికి గడి లేదు. అందుకని అడుగున ఖాళీలో అంకెలన్నీ వేసి, గాలి తక్కువై టైరు పేలిందని, తీయించినట్టు యజమాని నా ఎదుట ఒప్పుకున్నాడని రాసి సంతకం పెట్టాను. కొన్ని నెలలకు సత్తిబాబు పేరు కేసులోంచి తీసి యజమాని పేరు చేర్చారు. మంగాయమ్మ కువైట్ వెళ్లలేదు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు, తలుపు పక్కనున్న అంకె ప్రకారం చూసుకోవాలి. ఎండాకాలమైనా అంతే. ఇది నేర్చుకోవడానికి ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు. నేను నేర్చుకున్నది వేరు. అంతకుముందు ఇరవై ఆరేళ్లలో పేలిన టైర్ల కేసులు ఎన్నో చూసి, యంత్రలోపం లేదని రాశాను. మిగిలిన టైర్లకు గేజి పెట్టి చూసింది ఒక్క కేసులోనూ లేదు. ఆ డ్రైవర్లకు శిక్షలు పడ్డాయి.