సరుగుడాకు తూకం

డెబ్బైల మొదట్లో, చదువు ముగిసిన ఏడాదే, విజయవాడలో ఒక ప్రయోగశాలలో పరిశోధన సహాయకుడిగా చేరాను. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఇసుక నేలలో పెంచిన సరుగుడు తోట మా పరిశోధన స్థలం. చెట్టు నేల నుంచి ఎంత నత్రజని, ఎంత సున్నం తీసుకుంటుంది, రాల్చిన ఆకుతో ఎంత తిరిగి ఇస్తుంది అన్నది ప్రశ్న.

నెలకు రెండుసార్లు తెల్లవారగానే బస్సెక్కేవాణ్ణి. సంచీలో ఎప్పుడూ ఇవే: స్ప్రింగు త్రాసు, కాగితపు సంచులు, కొలత టేపు, రెండు పెన్సిళ్ళు, అమ్మ కట్టిచ్చిన పులిహోర. కంకిపాడు దాటేదాకా నిద్రపోయేవాణ్ణి.

చెట్ల కింద నాలుగేసి కర్రలకు గుడ్డ కట్టి, రాలే ఆకు పట్టేవాణ్ణి. కానీ రాలిందంతా నేలలో కలవదు. పక్క పల్లె ఆడవాళ్ళు ఊడ్చి పొయ్యిలోకి పట్టుకెళ్ళేవారు. అదీ కొలవాలి. నన్ను చూస్తే అందరూ తప్పుకునేవారు. ఒక్కామె ఆగింది. చేపలు ఎండబెట్టి అమ్మే మనిషి, మా అమ్మకంటే కాస్త పెద్ద. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

"చేపలు తూచేవోళ్ళని చూశాగానీ, ఆకు తూచేవోణ్ణి నిన్నే చూస్తన్నా. పిల్లనిచ్చేవోళ్ళు ఏం పని చేస్తావంటే ఏం చెప్తావ్ బాబూ?"

"ఆకులు తూస్తానని చెప్తా పెద్దమ్మా."

"అయితే ఇంక నీ పెళ్ళయినట్టే!"

ఆ తర్వాత నేను వెళ్ళిన ప్రతిసారీ మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. కొక్కేనికి తగిలించీ తగిలించకముందే "ఎంత తూగింది?" అని అడిగేది. అంకె చెబితే ముఖం విప్పారేది. ఆ బరువును ఊడ్చే ఆడవాళ్ళ సంఖ్యతో గుణించి పట్టికలో వేశాను. పట్టికలో రెండు వరసలు: నేలకు చేరేది, నేల కోల్పోయేది. పెద్దమ్మ రెండో వరసలో ఉంది. అప్పటికి నాకది వరస మాత్రమే.

మా నివేదిక తోట అధికారులకు వెళ్ళిన కొన్ని నెలలకు తోట చుట్టూ ముళ్ళకంచె లేచింది. ఆకు ఊడ్చకూడదని కాపలా పెట్టారు. మరికొన్ని నమూనాల కోసం వెళ్తే పెద్దమ్మ కంచె బయట నిలబడి ఉంది. పొయ్యిలోకి తుమ్మకంప కోసం కాలవగట్టు దాకా నడుస్తోందట. చేతుల నిండా గీరుకున్న గీతలు.

"నువ్వు తూచి రాసుకున్నావుగా బాబూ, ఆ కాగితం చూపెట్టు. మేం ఎంతెంత ఊడుస్తామో అందులో ఉంటదిగా. నీ మాటైతే ఇంటారు."

ఆ కాగితం చూసే కంచె వేశారు.

"మా బరువు తక్కువేం ఉండదులే. మా తోడికోడలి మోపు కూడా నా దాంట్లో కలిపి తెచ్చేదాన్ని. తక్కువ తూగితే నీ పైవోళ్ళు నిన్ను కేకలేస్తారేమోనని."

విజయవాడ చేరాక సవరణ రాశాను. ఊడ్చే ఆకు బరువు నేను వేసినదాంట్లో సగమే ఉండాలని, ఒక్క మనిషి మోపును అందరి మోపుగా ఎంచడం నా తప్పని రాశాను. మా పై అధికారి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సగమైనా నష్టం నష్టమేనయ్యా. ఆ ఇసుకలో ఉన్నదే అంతంత మాత్రం."

శాస్త్రం ప్రకారం ఆయన మాట తప్పు కాదు. సవరణ ఫైల్లో చేరింది. కంచె అలాగే ఉంది.

గుడ్డలు విప్పుకొచ్చేందుకు చివరిసారి వెళ్ళాను. పెద్దమ్మ ఇసుక మీద చేపలు తిరగేస్తోంది.

"చూపెట్టావా బాబూ?"

"చూపించాను పెద్దమ్మా."

"ఏమన్నారు?"

"ఒప్పుకోలేదు."

చేతిలో చేపను తిరగేసి ఇసుక మీద పెట్టింది.

"తక్కువైందేమో. మా ఆడబిడ్డ మోపు కూడా కలపాల్సింది."