పట్టాల్లేని దేశంలో కూత

ఇరాక్ యుద్ధం తర్వాత అక్కడి తుక్కు ఓడల మీద షార్జాలో దిగుతున్న రోజులవి. పాత జనరేటర్ కోసం విజయవాడ నుంచి షార్జా వెళ్లిన నేను ఒక తుక్కు యార్డులో చిన్న ఆవిరి ఇంజన్‌ని చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్టెల్ని అటూ ఇటూ తోయడానికి ఒకే నమూనాలో చేయించిన షంటింగ్ ఇంజనట.

"యుద్ధం అయ్యేదాకా నడిస్తే చాలని చేశారు. ఇలాంటివి వందలున్నాయి. యల్లా, కొయ్!" అని యార్డు ముదీర్, అంటే మేనేజరు, హిందీలో తొందరపెట్టాడు.

గ్యాస్ కట్టర్ పట్టుకున్న మస్తాన్ కదల్లేదు. గుంతకల్లు మనిషి. "ఒక్కసారి కూత పెట్టకుండా కోసేది లేదు సాబ్" అని, నాతో తెలుగులో అన్నాడు: "మా నాయన లోకో షెడ్డులో ఫైర్‌మన్ సార్. ఆడ ఏ ఇంజన్నైనా తుక్కుకు పంపేముందు కడాతూరి కూత పెట్టిస్తాండ్రి. మూగదాన్ని చేసి పంపరు."

"నీలాంటి కట్టర్లూ వందలమంది దొరుకుతారు. వీసా క్యాన్సిల్ చేయిస్తా, ఖలాస్!" అన్నాడు ముదీర్.

"చేయించు సాబ్."

మస్తాన్ కంప్రెసర్ గొట్టం తెచ్చి, ఇంజన్ విజిల్‌కి బిగించి గాలి వదిలాడు. మొదట ఇసుక ఎగిరింది. తర్వాత బొంగురుగా మొదలైన కూత చెవులు దద్దరిల్లేలా లేచింది. రైలు పట్టాలే లేని ఆ దేశంలో పక్క యార్డుల సుత్తులు ఆగిపోయాయి. పఠాన్లూ బంగ్లావాళ్లూ గోడలెక్కి చూశారు.

"అయిందిగా, ఇక కొయ్!"

మస్తాన్ మళ్లీ గాలి వదిలాడు. ఈసారి కూత ఇంకా పొడుగ్గా సాగింది.

"ఒక్కసారే అన్నావుగా?" ముదీర్ అరిచాడు.

"అది ఇంజన్‌ది సాబ్. ఇది నాది."