విశ్రాంతమ్మ పక్కన చోటు

ఈస్టరు ముందటి శనివారం సాయంత్రం కొత్తగూడెం శివారులోని సమాధుల తోటకు వెళ్తే, సున్నం వాసన కంటే ముందు యేసుదానం దగ్గు వినిపించేది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. లుంగీ ఎగ్గట్టి, నానిన సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి, భార్య విశ్రాంతమ్మ సమాధికి ఓపికగా పూసేవాడు. తోటను ఆనుకునే బొగ్గు లారీల రోడ్డు. పండుగ దాటిన కొద్దిరోజులకే ఆ తెలుపు మీద మసి దిగేది. వానకు చారలు కట్టేది. మళ్లీ పూసేవాడు. బకెట్లో సున్నం మిగిలితే, చూసే దిక్కులేని సమాధుల వైపు నడిచేవాడు.

జూలూరుపాడు వైపు తండాలో పుట్టిన బలరాం బాయిలో ఆయన జతగాడు. యూనియన్ మనిషి. దేవుడు లేడని మైకు పట్టుకొని చెప్పగలిగినవాడు. విశ్రాంతమ్మను అక్కా అని పిలిచేవాడు. సున్నం వేసేటప్పుడు వచ్చి గట్టు మీద కూర్చొని బీడీ ముట్టించేవాడు.

"ఏంది బావా, రేప్పొద్దున లేస్తదా మా అక్క?"

"లేస్తే నీ బీడీ కంపుకే లేవాలె, నిన్ను తిట్టనీకె."

"నీ పేర్ల యేసు ఉన్నడు గాని నోట్ల లేడు."

"నీ పేర్ల రాముడున్నడు గదరా. ఆయన్నేడ దాచినవ్?"

నవ్వు దగ్గులోకి మారేదాకా ఇద్దరూ నవ్వేవాళ్లు.

యేసుదానం నోట్లో దేవుడు లేకుండా పోవడానికి వెనక ఒక చావుంది. ఒకరోజు బాయి లోపల కప్పు కూలింది. పక్కనే పనిచేస్తున్న లాలు పోయాడు. ఈయన బతికాడు. లాలు రోజూ బాయి మూతి దగ్గర మైసమ్మకు మొక్కి గానీ దిగేవాడు కాదు. యేసుదానం ఆ పొద్దు షిఫ్టు తప్పుతుందని ప్రార్థన కూడా ఎగ్గొట్టి ఉరుకుతూ వచ్చాడు.

ఆపద దాటినవాళ్లు చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలును నలుగురికీ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. ఆ ఆదివారం ఈయన్ని లేపారు. లేచాడు.

"దేవుడు నన్ను కాపాడిండంటే, లాలును ఇడిసిపెట్టిండని గూడ అనాలె. లాలు పెండ్లాం ముంగట ఆ మాట అననీకె నాకు నోరు రాదు," అని కూర్చున్నాడు.

ఆ సంగతి విని బలరాం సంబరపడ్డాడు. "ఇగ తేలిపాయె. దేవుడు లేడు. గిదే మాట మా మీటింగుల చెప్పు బావా."

"లేడంటే మాత్రం, లాలు ఎందుకు పోయిండో తెలుస్తదారా?"

బలరాం బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

"పాస్టరయ్య దగ్గర ఒక జవాబున్నది. నీ దగ్గర ఒకటున్నది. నాకు రెండూ ఆనుతలేవు."

జనం ఆయన్ని నాస్తికుడన్నారు. అది తప్పు. నాస్తికుడికి ఒక తీర్మానం ఉంటుంది, భక్తుడికి ఉన్నట్టే. ఈయనకు అదీ లేదు. లేదని మంచం పట్టలేదు. సమ్మెలో జెండా పట్టాడు, చర్చిలో వెనక బెంచీ మీద కూర్చొని పాటలు విన్నాడు. విశ్రాంతమ్మ పొద్దుగూకాక గట్టిగా ప్రార్థన చేస్తుంటే, ఎదురుగా చేతులు కట్టుకొని కూర్చునేవాడు.

"ఎవరితోని మాట్లాడుతున్నవే అంతసేపు?"

"నీకెందుకు? నీ మీద చాడీలు చెప్తున్న."

ఆమె పోయాక కూడా ఆ వేళకు అట్లాగే కూర్చునేవాడు. చాడీలు చెప్పే గొంతు ఒక్కటే లేదు.

పోయిన ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల మధ్య ఆరాధన జరిగింది. "క్రీస్తు లేచెను" అన్నాడు పాస్టరు. "నిజముగా లేచెను" అన్నారందరూ. ఎప్పటిలాగే యేసుదానం పెదవి కదపలేదు. ఆరాధన అయ్యాక కొత్త సంఘపెద్ద సుకుమార్ దగ్గరికొచ్చాడు.

"తాతా, విశ్వాసం ఒప్పుకున్నోళ్లకే తోటల చోటని కమిటీ తీర్మానం చేసింది. ఆ ఒక్క మాట అనరాదూ? అమ్మమ్మ పక్కన చోటు నీదే."

రోడ్డు మీద ఎదురుచూస్తున్న బలరాం విని మండిపడ్డాడు. "వీళ్ల చోటు ఎవనిక్కావాలె బావా! మాతోని రా. ఎర్రజెండా కప్పి దర్జాగా తీస్కపోతం. గాని దేవుడు లేడని ఒక్కమాట..."

యేసుదానం ఇటు చూశాడు, అటు చూశాడు, నవ్వాడు. "ఒకనికేమో లేచిండనాలె, ఒకనికేమో లేవలేదనాలె. నేను పోయి చూసొచ్చిన్నారా? ఆమె లేస్తే నన్ను లేపకుండ పోదు. లేవకుంటే పక్కన పండుకుంట. నాకు గంతే కావాలె."

వానల్లో ఆయన పోయాడు. మంచం చుట్టూ కమిటీ నిలబడింది. ఆ ఒక్క మాట అనకుండానే పోయిన మనిషికి చోటెట్లా అని సుకుమార్ నసిగాడు. చర్చిలో ముందు వరుసలో కూర్చునే సుబ్బరత్నం లేచింది.

"ఊరి శ్మశానంల మనోళ్లను పూడ్వనియ్యకపోతెనే గదరా, మీ తాతలు కూలి చేసి ఈ భూమి కొన్నది? ఆనాడు మన పాడె ఆపినోళ్ల పని ఇయ్యాల నువ్వు చేస్తవా? మొన్న మీ నాయన సమాధికి సున్నమేసింది ఎవరు? నమ్మినోడా, నమ్మనోడా అని అడిగే ఏసిండా?"

మనిషి చచ్చాక కూడా నమ్మకానికి పరీక్ష పెట్టి నేల ఇచ్చే పద్ధతి ఏ మతంలో ఉన్నా అది అన్యాయమే. ఆ మాట ఆమె నాలాంటివాళ్ల కంటే బాగా చెప్పింది. సుకుమార్ తల దించుకొని గడ్డపార అందుకున్నాడు.

విశ్రాంతమ్మ పక్కనే దించారు. పాస్టరు పునరుత్థాన వాక్యం చదివాడు. బలరాం పిడికిలెత్తాడు. ఎప్పటిలాగే ఆయన ఇద్దరికీ జవాబు చెప్పలేదు.

మొన్న, మళ్లీ ఈస్టరు ముందటి శనివారం, తోటకు వెళ్తే దగ్గు వినిపించలేదు. సున్నం వాసన మాత్రం ఉంది. బలరాం లుంగీ ఎగ్గట్టి రెండు సమాధుల మధ్య గొంతుక్కూర్చొని ఉన్నాడు. అటుగా వచ్చిన సుకుమార్ ఆగిపోయాడు.

"ఏంది తాతా, నువ్వు గూడ నమ్మినవా ఏంది?"

"నమ్ముడేందిరా? మసి పడ్డది, కనబడ్తలేదా? ఆ నీలిమందు ఇటియ్యి."

సుకుమార్ ఇచ్చాడు. రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. బలరాం తల ఎత్తలేదు, కుంచె ముంచాడు.