మ్యూజియంలో రైట్ రైట్

ఆ కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదని పేట పేటంతా ఎరుగును. బస్సెక్కినవాళ్ళకు టిక్కెట్టుతో పాటు ఏదో ఒక కబురు చేతిలో పెట్టనిదే వదిలేవాడు కాదు. ఎవరి పిల్ల పరీక్ష పాసయింది, ఎవరి అత్తగారు అలిగి చెల్లెలింటికి వెళ్ళింది, ఏ కొట్లో గొడుగులు చవకగా ఇస్తున్నారు, ఇవన్నీ ఆయన తోలుసంచిలో చిల్లరలాగే గలగలలాడుతూ ఉండేవి. ఆయనతో కలిసి ఏళ్ళ తరబడి అదే బస్సు నడిపిన డ్రైవరు మాత్రం మితభాషి. పొద్దున్నే డిపోలో అద్దం తుడుచుకుని సీటెక్కాడంటే సాయంత్రం దిగేదాకా ఆయన మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా కలిసిన మొదటి వానాకాలం వెళ్ళకముందే బావా అంటే బావా అనుకున్నారు. వాళ్ళ అసలు సంభాషణంతా గంటతోనే. బస్సు పైకప్పు వెంట సాగిన తాడు లాగితే డ్రైవరు తల దగ్గర గంట మోగేది. ఒక్కసారి మోగితే ఆగాలి, రెండుసార్లు మోగితే కదలాలి. కండక్టరు రెండుసార్లు లాగి, అదీ చాలనట్టు "రైట్, రైట్" అని కేక పెట్టేవాడు. ఆ లాగే తీరులోనే డ్రైవరుకు అన్నీ తెలిసిపోయేవి. ముసలమ్మ ఇంకా మెట్టు మీదే ఉందా, కండక్టరు ఇంట్లో పోట్లాడి వచ్చాడా, ఒళ్ళు వెచ్చగా ఉందా. ముసురు రోజుల్లో కిటికీలకు ఆవిరి పట్టి, తడిగొడుగుల వాసనతో బస్సు కిక్కిరిసినప్పుడు వెనక చివర ఇరుక్కున్న కండక్టరుకు డ్రైవరు వీపు కూడా కనిపించేది కాదు. అయినా ఏనాడూ ఒకరికొకరు దూరంగా ఉన్నట్టు అనిపించలేదు.

అలాంటి డ్రైవరుకు, రిటైరయిన కొన్నాళ్ళకు కుడిపక్క పడిపోయింది. మందులతో కాలూ చెయ్యీ కొంత స్వాధీనంలోకి వచ్చాయి. మాట కూడా తిరిగి వచ్చింది గాని వంకరగా వచ్చింది. ‘నీళ్ళు’ అనబోతే నాలుక మడతపడి ఇంకేదో అయ్యేది. ఒకనాడు పాలబ్బాయి అది విని నవ్వాపుకోలేకపోయాడు. అంతే, ఆ రోజుతో డ్రైవరు నోరు కట్టేసుకున్నాడు. ఏది కావాలన్నా వేలు చూపించడమే. మాట్లాడుతూ ఉంటేనే నాలుక తిరుగుతుంది, ఊరుకుంటే ఉన్నది కూడా పోతుందని డాక్టరు హెచ్చరించాడు. కూతురు బతిమాలింది, కోప్పడింది, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఆయన మాత్రం చలించలేదు.

కండక్టరు రోజూ వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేవాడు. ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం పాత రోజులే తలుచుకుంటూ నడిచేవాడు. మిల్లు గేటు దగ్గర సైరన్ కూత, రద్దీ వేళ మెట్ల మీద వేళ్ళాడే కుర్రకారు, కొండమలుపులో ఒకసారి ఆగిపోయిన బస్సును జనమంతా దిగి నవ్వుకుంటూ తోయడం, ఇవన్నీ ఎవరికి చెప్పినా వింటారు. "అవును బావా, అలాగే జరిగింది" అనగలిగినవాడు మాత్రం ఈ ఒక్కడే. ఈయన మాట పోతే ఆ రోజులన్నిటికీ సాక్ష్యం పోతుందని కండక్టరు బెంగ.

బొమ్మల మ్యూజియం సంగతి కూతురే పట్టుకొచ్చింది. శుక్రవారం పొద్దుటిపూట అక్కడ పెద్దవాళ్ళనూ, జబ్బుపడి లేచినవాళ్ళనూ గోడకు వేలాడే ఒక రంగుల బొమ్మ ముందు కూర్చోబెట్టి, మెల్లగా ఊపిరి పీలుస్తూ ఆ ఒక్కదాన్నే చాలాసేపు చూడమంటారట. మనసు కుదుటపడుతుందట.

"అక్కడ ఎవరూ ఎవరినీ మాట్లాడమని బలవంతపెట్టరు మామయ్యా. ఆ ధైర్యంతోనైనా నాన్న గడప దాటతాడేమో. నువ్వు తోడు వెళ్ళు."

"వెళ్తానమ్మా. నన్ను కూడా మాట్లాడనివ్వరా ఏంటి?"

"అదొక్కటే నా భయం."

వాళ్ళిద్దరికీ మ్యూజియం కొత్తదేమీ కాదు. వాళ్ళ బస్సు ఆ రాతిమెట్ల కిందే ఆగేది. "మ్యూజియం, మ్యూజియం దిగాలి" అని కండక్టరు అరిచిన అరుపులకు ఆ గోడలు అరిగిపోయి ఉండాలి. అయినా ఇద్దరిలో ఒక్కరూ ఒక్కనాడూ ఆ మెట్లెక్కి చూసిన పాపాన పోలేదు. లోపల ఏముందని తిరిగి వచ్చేవాళ్ళను కండక్టరు గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఆయనకు తెలిసిందల్లా లోపల చల్లగా ఉంటుందని, కాళ్ళు పీకుతాయని.

ఆ శుక్రవారం డ్రైవరు ఎడమచేతిలో కర్ర, కుడిపక్క కండక్టరు భుజం ఊతంగా మెట్లెక్కాడు. లోపల నిజంగానే చల్లగా ఉంది. నున్నటి నేల, ఎత్తు కిటికీలు, అడుగు వేస్తే తిరిగి వినపడేంత నిశ్శబ్దం. మెత్తటి చెప్పులు వేసుకున్న ఒకమ్మాయి తలా ఒక మడతకుర్చీ ఇచ్చి అందరినీ పెద్ద బొమ్మ ముందు వరసగా కూర్చోబెట్టింది. ఆ తరగతి నడిపేది ఆ అమ్మాయే. డ్రైవరు కర్రను కండక్టరు తన కుర్చీకి ఆనించుకున్నాడు. బొమ్మలో మనుషులెవరూ లేరు. వాన వెలిసిన కొండదారి, తడి రోడ్డు మీద సాయంత్రపు వెలుగు, ఆ రోడ్డు ఒక మలుపు తిరిగి చెట్ల వెనక్కు పోతోంది.

అమ్మాయి చిన్న ఇత్తడి గంట ఒక్కసారి మోగించింది. భుజాలు వదులు చేసుకోమంది, ఊపిరి వస్తూ పోతూ ఉంటే గమనించమంది. కండక్టరుకు పెదవుల దాకా వచ్చిన ప్రశ్నలకు అంతులేదు. ఈ బొమ్మ వేసినాయన ఇంకా ఉన్నాడా, ఈ కుర్చీలు ఎక్కడ కొన్నారు, డ్రైవరుకు ఎడమపక్కన చేతికర్రను మోకాళ్ళ ముందు నిలబెట్టుకుని కూర్చున్న తెల్లజుట్టు పెద్దావిడది ఏ వీధి. అన్నిటినీ గుటకలు వేసి మింగాడు. మింగగా మింగగా ఎప్పుడో బొమ్మలో పడ్డాడు. ఆ మలుపు వాళ్ళ కొండమలుపే. తడిమట్టి వాసన, వేడెక్కిన ఇంజను వాసన, చివరి ట్రిప్పులో నిద్రకు జోగుతున్న మిల్లు ఆడవాళ్ళు. తాడు మీద తన చెయ్యి.

తరగతి అయిపోయిందని చెప్పడానికి అమ్మాయి ఈసారి రెండుసార్లు గంట కొట్టింది.

"రైట్, రైట్!"

ఆ గదిలో అంత పెద్ద గొంతు ఎప్పుడూ వినిపించి ఉండదు. కేక పెట్టింది తనేనని కండక్టరుకు తెలిసేలోపల పక్కన డ్రైవరు ఎడమకాలు నేలకేసి నొక్కాడు. ఎడమచెయ్యి చాచి పెద్దావిడ చేతికర్రను గుప్పిట పట్టి, ముందుకు తోసి మొదటి గేరులో వేశాడు.

"కర్ర ఇచ్చేయండి బాబూ" అంది ఆవిడ. "నేను నడిచే పోతాను."

గది గదంతా నవ్వింది. కండక్టరు హడలిపోయాడు. ఒక్క పాలబ్బాయి నవ్వినందుకే నోరు కట్టేసుకున్న మనిషి, ఇంతమంది నవ్వాక ఇక ఇల్లు కదులుతాడా? తల తిప్పి చూసే ధైర్యం చాలలేదు. చివరికి ఓరకంట చూస్తే డ్రైవరు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. కర్ర మాత్రం ఇంకా వదల్లేదు.

అమ్మాయి కూడా నవ్వుతూనే డ్రైవరు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎక్కడికి బయల్దేరారు తాతగారూ?" అని అడిగింది.

జవాబు కండక్టరు నాలుక చివరే ఉంది. ఇన్నాళ్ళూ ఆయన తరఫున జవాబులన్నీ తనే చెప్పాడు. కూతురు అడిగినా, డాక్టరు అడిగినా, వీధిలో ఎవరు పలకరించినా. ఈసారి ఎందుకో పళ్ళ మధ్య నాలుక కరుచుకుని కూర్చున్నాడు.

"మ... మలుపు" అన్నాడు డ్రైవరు, కర్రతో బొమ్మ వైపు చూపిస్తూ. మాట వంకరగా వచ్చింది, మధ్యలో తెగింది, మళ్ళీ అతుక్కుంది. "హా... హారన్ కొట్టాలి."

"కొట్టండి మరి" అంది పెద్దావిడ. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ మలుపు వైపే చూశారు, అవతల నుంచి నిజంగా ఏదో బండి వస్తున్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు. నడిపేవాడు కుర్రవాడు, గేరు మార్చినప్పుడల్లా బస్సు కుదుపుతున్నాడు. డ్రైవరు మొహం చిట్లించాడు, పెదవి కొరికాడు, ఇక ఆగలేక ఏదో గొణిగాడు. కండక్టరుకు స్పష్టంగానే వినిపించింది.

"ఏంటి బావా?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"క్ల... క్లచ్చు. కాల్చేస్తున్నాడు."

"ఇంజను చప్పుడులో వినపడలేదు. ఎవరికి కాలింది?"

డ్రైవరు ఆయన వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి మళ్ళీ చెప్పాడు. మూడోసారికి మాట కాస్త సాఫీగా వచ్చింది. ఆ తర్వాత స్టాపు స్టాపుకీ అదే వరస. మిల్లు మూసేసి అక్కడ మేడలు కట్టారని డ్రైవరు అంటే, ఏ పిల్లి అని కండక్టరు అడిగేవాడు. ఆసుపత్రి ముందు ఎండు చెట్టు కొట్టేశారంటే, ఎవరు ఎవర్ని కొట్టారనేవాడు. డ్రైవరుకు చిరాకు ముదిరేకొద్దీ మాటలు కూడా పెరిగాయి.

తలుపు తీసిన కూతురు అలవాటుగా మామయ్య మొహంలోకే చూసింది. కండక్టరు పెదవి విప్పలేదు.

"అమ్మాయ్" అన్నాడు డ్రైవరు, గుమ్మంలో చెప్పులు విప్పుకుంటూ. కూతురు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మీ మా... మామయ్యకి చెవుడొచ్చింది. రేపు... డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి."

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు కండక్టరు.