డ్రమ్ము మోత

నిజాం నాడు కొన్న దొరగారి విదేశీ కారును ఉప్పలయ్య ముప్పయ్యేళ్లుగా నడుపుతున్నాడు. దాని సామాన్లు తానే ఏరి తెస్తాడు, మెకానిక్‌కు వదలడు. ఈసారి బ్రేకులు అరిగాయి. వరంగల్ చౌరస్తా కొట్లో లైనింగును గోటితో గీకి, వాసన చూసి సరేనన్నాడు. బ్రేకు డ్రమ్మును తాడుకు వేలాడదీసి, పానాతో కొట్టి చెవి ఒగ్గాడు. మోత మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది పగిలింది సేటూ."

"ఏడ? గీత సుత కనవడ్తలేదు గదా!" అన్నాడు కొట్టు యజమాని పాండురంగం.

"గట్లయితే దీన్నే ఏస్త. దొరసాని, పిల్లలు కూసునే కాడ మీరు కూసోండ్రి. జర గుట్ట దిగొద్దాం."

పాండురంగం నవ్వబోయి ఆగాడు. నిచ్చెనెక్కి మరో డ్రమ్ము దించాడు. ఉప్పలయ్య చెయ్యి చాపేలోపే తాడుకు కట్టి, తానే కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు.