కువైట్‌లో వాన

మా ఆయన దస్తగిరికి ఏదో అయిందని నాకు మొదట అనిపించింది జమ్మలమడుగులో నిప్పులు చెరిగే ఒక మే నెల మధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. ఈయన మాత్రం కువైట్ నుంచి తెచ్చిన కంబళి కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ, మంచం అదిరేలా వణుకుతున్నాడు. పైన ఇంకో దుప్పటి వేసి, నేను కాళ్ళు అదిమి పట్టుకున్నా వణుకు ఆగలేదు. కాసేపటికి ఒళ్ళు పెనంలా కాలింది. ఆ తర్వాత పరుపు తడిసేటంత చెమట. సాయంత్రానికి లేచి కూర్చుని, "ఆకలైతాంది, ఏమన్నా పెట్టు" అన్నాడు. ఎండదెబ్బ అనుకున్నాం.

ఆయన బండలు పరిచే మేస్త్రీ. రెండేళ్ళు కువైట్‌లో ఉండి, ఆ నెలలోనే ఇంటికి వచ్చాడు. ఖర్జూరాలు, సెంటు సీసాలు, ఆ కంబళి తెచ్చాడు. మా అత్తమ్మ ఇల్లిల్లూ తిరిగి ఖర్జూరాలు పంచింది. మా వీధిలో కువైట్‌కు పోయినవాడి తల్లి నడకే వేరు.

వణుకు ఒకరోజు వదిలి ఒకరోజు రావడం మొదలైంది. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు వేశాడు. ల్యాబ్‌లో విడాల్ టెస్ట్ చేయిస్తే పాజిటివ్ అన్నారు. టైఫాయిడ్ మందులు వాడాం. కొన్నాళ్ళు తగ్గింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరు గారు కడుపు నొక్కి చూసి, "స్ప్లీన్ పెరిగింది. యాడ పనిచేసేది నువ్వు?" అని అడిగారు. ఈయన నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "కువైట్ సార్! నా కొడుకు కువైట్ నుంచి వచ్చినాడు." ఈయన తల దించుకున్నాడు. నీరసం అనుకున్నాను. మలేరియా కార్డు టెస్ట్, డెంగీ టెస్ట్ రెండూ నెగిటివ్ వచ్చాయి. "కువైట్‌లో మలేరియా ఎక్కడిదిలేమ్మా. వైరల్ ఫీవర్ కావచ్చు, చూద్దాం" అని పంపించారు. ఆయన్ను అనడానికి లేదు, మేం చెప్పిందే ఆయన విన్నారు.

తర్వాత వచ్చిన జ్వరంలో ఈయన మాట్లాడటం మొదలుపెట్టాడు. మా ఇండ్లలో తెలుగే మాట్లాడతాం, బజార్లో ఉర్దూ వింటాం. ఇది రెండూ కాదు. ఆ మాటలు నేనెప్పుడూ వినలేదు. ఎవరికో జవాబు చెబుతున్నట్లు, మధ్యలో ఆగి వింటున్నట్లు మాట్లాడాడు. మధ్యమధ్యలో తెలుగు. "అవ్వా, నిచ్చెన తీయొద్దు, నేనింకా ఎక్కల్యా... వాన లోపలికి వస్తాంది." కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఈ ఇంట్లో లేదు. ఎండకు పగిలిన మా మిద్దె కప్పును చూస్తూ, మొహం మీద లేని చినుకులు తుడుచుకున్నాడు.

"గాలి సోకిందే కాసింబీ, వీనికి" అని అత్తమ్మ ఏడ్చింది. పులివెందులలో మా పుట్టింటి దగ్గర ఉన్న దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. నాకు కునుకు పట్టలేదు. వాన అనే మాట నన్ను వదల్లేదు. వారానికోసారి ఈయన వాట్సాప్‌లో ఫోన్ చేసినప్పుడు వెనక ఒకటే హోరు వినిపించేది. అదేందని అడిగితే, "ఏసీ" అనేవాడు. మా ఇంట్లో ఏసీ లేదు, అదెట్లా మోగుతుందో నాకేం తెలుసు?

మర్నాడు జ్వరం లేని రోజు. గంజి తాగించి సూటిగా అడిగాను.

"ఏమయ్యా, కువైట్‌లో వాన పడతాదా?"

గోడవైపు తిరిగాడు. వదల్లేదు నేను.

"నేను కువైట్‌కు పోలేదు" అన్నాడు చివరికి. "చెన్నైలోనే ఏజెంటు మోసం చేసినాడు. మా యమ్మ ఊరంతా చెప్పి పంపిచ్చింది. ఏ మొగం పెట్టుకుని తిరిగొచ్చేది?"

అక్కడే ఒక కాంట్రాక్టరు కూలీలను అరుణాచల్ ప్రదేశ్‌కు తీసుకుపోతుంటే ఆ బండి ఎక్కాడట. బర్మా సరిహద్దు పక్కన అడవిలో ఒక ఊరు. ఖర్జూరాలు, కంబళి తిరిగొచ్చేటప్పుడు చెన్నైలో కొన్నాడట. అక్కడ జ్వరం వస్తే ఆశా కార్యకర్త రక్తం చూసి పద్నాలుగు రోజుల మాత్రలు ఇచ్చిందట. ఒళ్ళు బాగైందని మూడోరోజుకే మానేశాడట. నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళు ఈయన లేని ఊరి కబుర్లు విన్నానా నేను?

"డాక్టరుకు చెప్పొద్దు. మా యమ్మ చెవిన పడితే సచ్చిపోతాది" అన్నాడు.

"నువ్వు సచ్చేటట్లుండావు ముందు!" అని బస్సెక్కించాను. అత్తమ్మ చూస్తుండగానే డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆమె బెంచీ మీద కూలబడింది.

"ఈ మాట మొదటిరోజే చెప్పకూడదామ్మా?" అన్నారాయన. చలి ఎక్కిన సమయానికి రక్తం తీయించి, గాజు పలక మీద స్మియర్ వేసి మైక్రోస్కోపులో చూపించారు. వైవాక్స్ మలేరియా. "టైఫాయిడ్ మందులకు కొంచెం అణిగి ఉంటాది, అందుకే కార్డులో పడలేదు. ఇది లివర్‌లో నిద్రపోతాది. లేచినప్పుడల్లా జ్వరం."

తెలిసిందని సంతోషించేలోపే పరిస్థితి తిరగబడింది. కళ్ళు పచ్చబడ్డాయి, ప్లేట్‌లెట్స్ పడిపోయాయి, బీపీ అందలేదు. ఐసీయూలో పెట్టి ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్నారు. అద్దంలోంచి చూస్తే పెదవులు కదులుతున్నాయి. ఆ అడవి భాషే. నా పేరు పిలుస్తాడేమోనని నిలబడే ఉన్నాను, పిలవలేదు. ఆ అడవి నా మొగుణ్ణి మళ్ళీ తీసుకుపోతుందని నిజంగా భయపడ్డాను.

నాలుగోనాటికి నీళ్ళడిగాడు, తెలుగులో. మందు ఒంటికి పడుతుందో లేదో చూసే జీ6పీడీ టెస్ట్ చేసి, బాగుందన్నాక, లివర్‌లో నిద్రపోయేదాన్ని చంపే ప్రైమాక్విన్ మాత్రలు మొదలుపెట్టారు. ఈసారి పద్నాలుగు రోజులూ నా చేత్తో మింగించాను.

వార్డులో పడుకుని ఆ ఊరి సంగతి చెప్పేవాడు. వెదురు ఇండ్లు, నిచ్చెన ఎక్కి పోవాలి. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి. గుట్టెక్కితే అవతలి దేశం కొండలు కనిపిస్తాయి, చుట్టాలు ఆ పక్కా ఈ పక్కా ఉన్నారు. పెద్ద యాలకులు పండిస్తారు, వీపున మోసి ఒకరోజు నడిస్తే గానీ రోడ్డు రాదు. రోడ్డు వస్తే పిల్లలు చదువుకుంటారని, రోడ్డు వస్తే పిల్లలు వెళ్ళిపోతారని, రెండూ ఒకే మనిషి అంటుందట. ఆ మనిషే ఈయన జ్వరంలో పిలిచే అవ్వ. ఆశా కార్యకర్త ఆమె కూతురే. ఈయన చలితో వణికితే ఆ అవ్వ పొయ్యి పక్కన పడుకోబెట్టి, నిద్రపోనీకుండా మాట్లాడిస్తూ గంజి పోసిందట. "ఆడ ఆసుపత్రి గదికి నేనే గచ్చు చేసినా. నేనొచ్చేనాటికి డాక్టరు రాల్యా" అన్నాడు.

ఇప్పుడు ఆయన జమ్మలమడుగులోనే పని చేసుకుంటున్నాడు. మళ్ళీ జ్వరం రాలేదు. కానీ వాకిట్లో రేకుల మీద నాలుగు చినుకులు పడితే చేతిలో ముద్ద ఆగిపోతుంది. నేను వెంటనే నుదురు పట్టుకుని చూస్తాను. అలవాటైపోయింది.

ఈ ఏడు వానాకాలం మొదట్లో అవ్వ కూతురు ఫోన్ చేసింది. వెనక అదే హోరు. నాకు వచ్చిన కొంచెం హిందీలో అర్థమైంది ఇంతే. అవ్వకు జ్వరం, చలి. సగం వేసిన రోడ్డు కొండ విరిగిపడి కొట్టుకుపోయింది. ఆమెను బుట్టలో కూర్చోబెట్టి, వీపున మోసుకుని ఆసుపత్రికి పోతున్నారు. లైను తెగిపోయింది. ఈయన ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. జ్వరంతో ఆసుపత్రికి పోతే, ఎక్కడ తిరిగి వచ్చారో ఉన్నదున్నట్లు చెప్పండి. పరువు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

మొన్న చెకప్‌కు పోయాం. కొత్త డాక్టరమ్మ ఉంది. వరుసలో మా వీధి వాళ్ళే కూర్చున్నారు. "గల్ఫ్‌లో పని చేసినారా?" అని అడిగింది. ఎప్పటిలాగే అత్తమ్మ ముందు అందుకుంది. మళ్ళీ కువైట్ అంటుందేమోనని ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

"కాదమ్మా. బర్మా పక్కన అడివిలో. ఆడ వాన శానా" అంది, అందరికీ వినబడేలా. తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ యమ్మ వాళ్ళు ఫోన్ చేసినారా?"

లేదని తల ఊపాను.