వెనక సీటులో వాసన

2022 ఎండాకాలం. జనగామలో సిద్దిపేట రోడ్డు పక్కన నా షెడ్డు. పాత కార్లే ఎక్కువగా వస్తాయి.

ఒక ఉదయం నర్సింహులపేట దగ్గరి తండా నుంచి బీక్యా అనే పత్తి రైతు తన కారు తెచ్చాడు. ఆయన భార్య మంగ్లికి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు జనగామ దవాఖానలో డయాలసిస్. అది అయ్యాక బస్సులో కూర్చునే ఓపిక ఆమెకు ఉండదు. పడుకుని ఇంటికి పోవచ్చని ఆయన ఆ పాత కారు కొన్నాడు.

"యాదన్నా, పెట్రోల్ వాసన వస్తుందంటది. జర చూడు" అన్నాడు.

బానెట్ ఎత్తాను. ఇంజన్ దగ్గరి గొట్టాలు తడిమాను. వంగి కిందికి చూశాను. నేల మీద ఒక్క చుక్క లేదు.

"ఏం లేదన్నా. బండి మంచిగనే ఉంది" అన్నాను.

వెనక సీటులోంచి మంగ్లి ఏదో చెప్పబోయింది. అప్పటికే నేను ఇంకో బండి దగ్గరికి నడుస్తున్నాను.

మూడు వారాల తర్వాత టైర్లలో గాలి కోసం అదే కారు వచ్చింది. బయట ఎండ మండిపోతోంది. మంగ్లి ముఖానికి తువ్వాల చుట్టుకుని, అద్దం దించి, తల బయటికి పెట్టి కూర్చుంది.

"గట్ల కూర్చున్నవేంది అక్కా? వడదెబ్బ తగుల్తది" అన్నాను.

"ఊకెనే. గాలికి" అంది, నా వైపు చూడకుండా.

బీక్యా నన్ను పక్కకు పిలిచాడు. "ఇంకా వాసననే అంటదన్నా. నువ్వు లేదన్నవని చెప్తే, ఇగ మాట్లాడుడే బంద్ చేసింది. తొవ్వ పొడుగునా తల బయటనే పెడ్తది."

"నీకు రాదా వాసన?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కరోనాల పోయిందన్నా. మల్ల సరిగ్గ రాలే. గందుకే గద నీ కాడికి తెచ్చింది."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. తన ముక్కు పనిచేయదని తెలిసి ఆయన నా ముక్కును నమ్మాడు. నేనేమో రెండు నిమిషాలు చూసి, ఆమె మాట అబద్ధమని తేల్చి పంపాను.

కారు దగ్గరికి వెళ్లి మంగ్లిని అడిగాను. "అక్కా, వాసన ఎప్పుడొస్తది, ఎటు నుంచొస్తది?"

ఆమె ముందు నమ్మలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆగి ఉంటే రాదు. ఊరు దాటి జోరందుకున్నంక వస్తది. నా కాళ్ల కింద నుంచి."

మెకానిక్‌కు అంతకంటే ఏం కావాలి? దవాఖానలో ఆమె వంతు రావడానికి ఇంకా గంటన్నర ఉంది. వాళ్లిద్దరినీ ఎక్కించుకుని నేనే నడిపాను. ఊరు దాటాక ఆమె నా భుజం తట్టింది. "గిదిగో, ఇప్పుడు."

ఇంజన్ ఆపేసి, వెనక తలుపు తీసి, ముఖం అడుగుకు ఆనించాను. పెట్రోలు ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ తాళం తిప్పే ధైర్యం చేయలేదు. వాళ్లను ఆటోలో దవాఖానకు పంపి, కారుకు తాడు కట్టి షెడ్డుకు లాగించాను.

ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు తెచ్చే ఇనుప గొట్టాన్ని ఫ్యూయల్ లైన్ అంటాం. అది కారు అడుగున పోతుంది. ఆ కారులో పంపు ట్యాంకులోనే ఉంది. ఇంజన్ నడిచినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, ఆపితే తగ్గిపోతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు వెనక మట్టి చేరి, తుప్పు పట్టి, సూది మొనంత చిల్లు పడింది. బండి నడిచేటప్పుడు అందులోంచి పెట్రోలు మంచులా చిమ్మి, అడుగున రబ్బరు బిళ్ల ఊడిన కన్నంలోంచి ఆమె కాళ్ల దగ్గరికి వస్తోంది. ఆగితే క్షణంలో ఆరిపోతుంది. నిప్పులా కాలే సైలెన్సర్ గొట్టం అక్కడికి జానెడు దూరంలో ఉంది. ఆమె పడుకునే సీటు దాని పైనే.

బ్యాటరీ వైరు విప్పి, లైనులో మిగిలిన ఒత్తిడి వదిలించి, తుప్పు పట్టిన మూరెడు ముక్కను చేతి కట్టర్‌తో కోశాను. ట్యాంకు దగ్గర వెల్డింగ్ మాట ఎత్తకూడదు. కొత్త గొట్టాన్ని పాతదాని వంపులకు వంచి, కొసలు ఫ్లేరింగ్ చేశాను, అంటే గరాటు మూతిలా విప్పార్చాను. యూనియన్ అనే మర బిగింపులతో రెండు వైపులా కలిపాను. కన్నానికి కొత్త బిళ్ల వేశాను. బ్యాటరీ వైరు కలిపి, పంపు నడిపించి, ప్రతి అతుకు చుట్టూ తెల్ల కాగితం తిప్పాను. తడి లేదు.

సాయంత్రం ఆటో దిగిన మంగ్లి చేతిలో కోసిన ముక్క పెట్టాను. చిల్లును ఆమె వేలి కొసతో తడిమింది.

"అయితే ఉండెనా వాసన?"

"ఉండె అక్కా. తప్పు నాదే."

"ఒంట్లె విషం నెత్తికెక్కిందనుకున్న. లేని వాసనలు వస్తున్నయంటే ఇగ నాకు దినాలు దగ్గర పడ్డయనుకున్న. పిల్లలకు గుడ చెప్పలే" అంది.

బీక్యా వాళ్ల భాషలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆమె తువ్వాల కొసతో ఆయన భుజం మీద కొట్టి, కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె వెనక సీటులో అద్దాలు మూసుకుని ఒరిగింది. కారు ఊరి చివర మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

అప్పటి నుంచి నడిపేవాళ్లతో పాటు వెనక కూర్చునేవాళ్లనూ అడుగుతున్నాను. వాళ్లు చెప్పిన లోపం ఎంత వెతికినా కనబడని రోజులు ఇప్పటికీ ఉంటాయి. అప్పుడు "నాకు దొరకలేదు, మల్ల తీసుకురండి" అంటాను. "ఏం లేదు" అని మాత్రం అనను.